ఫ్రెంచిలో ఒక చిన్న చీటీ

ఇంగ్లీషులో అచ్చువేసిన పెళ్ళి శుభలేఖ ఏదన్నా మీ ఇంట్లో ఉంటే తీసి చూడండి. అడుగున ఒక మూల నాలుగు అక్షరాలు కనబడవచ్చు: ఆర్‌. యస్‌. వి. పి. వాటి కింద పెళ్ళివారి పేర్లూ, ఫోను నంబర్లూ ఉంటాయి. ఆ అక్షరాలకు అర్థమేమిటని పెద్దవాళ్ళను అడగండి. ఎవరో ఒకరు నవ్వి, "రసం, సాంబారు, వడ, పాయసం!" అంటారు. ఇది చాలా పాత హాస్యం. మా చిన్నతనంలో కూడా పెళ్ళిపందిట్లో ఎవరో ఒకరు ఈ మాట అనేవారు, అందరూ కొత్తగా విన్నట్టు నవ్వేవారు.

నిజానికి అవి ఇంగ్లీషు మాటలు కూడా కావు, ఫ్రెంచి మాటలు. "రెపోఁదే, సిల్‌ వూ ప్లే" అనే నాలుగు మాటల మొదటి అక్షరాలు. "మీకు ఇష్టమైతే జవాబు ఇవ్వండి" అని అర్థం. ఫ్రాన్సు దేశం ఎక్కడున్నదో తెలియని పెళ్ళివారు కూడా తమ శుభలేఖ మీద ఫ్రెంచిలో ఒక చిన్న చీటీ రాస్తున్నారన్నమాట!

ఈ నాలుగు అక్షరాలలో మూడోదాన్ని బాగా గుర్తుపెట్టుకోండి. అది "వి". "వూ" అంటే "మీరు". మీ పక్కన కూచునే స్నేహితుడికి ఇదే ముక్క మీరు చీటీగా రాస్తే ఆ అక్షరం అక్కడ ఉండగూడదు. దాని బదులు "టి" రావాలి. "సిల్‌ తె ప్లే", అంటే "నీకు ఇష్టమైతే". మొదటి మాట కూడా మారిపోయి "రెపోఁ" అవుతుంది. ఫ్రెంచిలో చిన్న చీటీ రాయటంలో ఉన్న చిక్కంతా ఈ ఒక్క అక్షరంలో ఉన్నది. వ్యాకరణం తప్పితే ఫ్రెంచివాడు నవ్వి ఊరుకుంటాడు. ఈ అక్షరం తప్పితే అతని మనసు నొచ్చుకోవచ్చు. నాకు ఒకసారి అలాగే జరిగింది. ఆ సంగతి తరువాత చెబుతాను.

ముందు ఉచ్చారణ గురించి రెండు ముక్కలు. పైన "రెపోఁదే" అని అరసున్న పెట్టి రాశాను, చూశారా? పాత తెలుగు పుస్తకాలలో ఆ అరసున్న మీరు చూసే ఉంటారు. మనం దాన్ని ఇప్పుడు రాయటం మానేశాం గాని, ఫ్రెంచి మాటలు తెలుగులో రాసేవాడికి దానంత అక్కరకు వచ్చేది మరొకటి లేదు. ఫ్రెంచివాళ్ళు "న్‌" అని నిండుగా అనరు. గాలిని కాస్త ముక్కులోకి వదిలి ఊరుకుంటారు. వాళ్ళ "త", "ద"లు మాత్రం మన త, ద లాగానే పళ్ళకు నాలిక తగిలించి పలుకుతారు. ఇంగ్లీషువాడికి రాని ఈ సుఖం మనకు పుట్టుకతోనే వచ్చింది.

మన పెద్దలు ఫ్రెంచివాళ్ళను పరాసులు అనేవారు. మచిలీపట్నంలో పరాసుపేట అని ఇప్పటికీ ఒక పేట ఉన్నది. కాకినాడ దగ్గర యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళ పాలనలోనే ఉండేది. అక్కడి జనం మాట్లాడేది తెలుగు. మారిషస్‌ దీవిలో ఉన్న తెలుగువాళ్ళ సంతతి పిల్లలు ఈనాటికీ ఫ్రెంచి చదువుతారు. కనక ఈ భాష మనకు మరీ పరాయిది కాదు.

సరే, "త్యూ" అంటే "నువ్వు". "వూ" అంటే "మీరు". ఇంతవరకు తెలుగు పిల్లలకు కష్టమేమీ లేదు. ఇంగ్లీషువాడికి అందరూ ఒక్కటే; వాడికి ఈ సంగతి నేర్పటానికి మేష్టరు ఒక వారం తంటాలు పడాలి. మనకో, పుట్టినప్పటినించీ తెలుసు. పదిమంది ఉంటే, వాళ్ళు చిన్నపిల్లలే అయినా "మీరు" అంటాం. ఫ్రెంచిలోనూ అంతే, పదిమందికీ "వూ"నే.

అయితే తెలుసు గదా అని ధీమాగా ఉంటే అక్కడే దెబ్బ తింటాం. ఎందుకంటే, వాళ్ళు గీత గీసిన చోటు వేరు, మనం గీసిన చోటు వేరు. మన ఇళ్ళలో చాలామంది అమ్మను "నువ్వు" అంటారు. నాన్నను కొందరు "నువ్వు", కొందరు "మీరు" అంటారు. తాతగారిని "మీరు" అనే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఈనాటి ఫ్రాన్సులో దాదాపు అన్ని ఇళ్ళలోనూ అమ్మా, నాన్నా, తాతా, అమ్మమ్మా, పిన్నీ, బాబాయీ అందరూ "త్యూ"లే. ఇంట్లోవాళ్ళలో "వూ" అంటే ఏదో రాజుగారి ఇంట్లో పుట్టిన పిల్లవాడిలాగా ఉంటుంది. అదే అంగడివాడైనా, ముక్కూ మొహం తెలియని పెద్దవాడైనా, హైస్కూలు మేష్టరైనా "వూ" అనే తీరాలి. మేష్టరు మాత్రం పిల్లవాణ్ణి "త్యూ" అనవచ్చు. ఇద్దరు పెద్దవాళ్ళు కొత్తగా పరిచయమైతే మొదట "వూ" అనుకుంటారు. కొన్నాళ్ళకు వారిలో వయసులో పెద్దవారు, "మనం త్యూ అనుకుందామా?" అని అడుగుతారు. దానికి వాళ్ళ భాషలో ఒక ప్రత్యేకమైన క్రియే ఉన్నది, "త్యుత్వయే" అని. మనం "ఏకవచనంతో పిలవటం" అంటాం చూడండి, అదే. మన దగ్గర ఆ మాట తిట్టుకిందే లెక్క. వాళ్ళ దగ్గర అది స్నేహానికి గుర్తు.

మాట వచ్చింది గనక చెబుతాను. ఫ్రెంచి పిల్లలు ముద్దుగా "తాతా" అని పిలిచేది తాతగారిని కాదు, పిన్నినో, అత్తనో! తాతగారిని "పాపీ" అంటారు.

మరొక గోతి మనకోసమే తవ్వినట్టు ఉన్నది. స్నేహితుణ్ణి "నువ్వు" అంటూనే మనం, "మీ అమ్మ ఎలా ఉన్నది? మీ ఊరు ఎక్కడ? మీ ఇంటికి వస్తాను" అంటాం. ఇల్లూ, ఊరూ, అమ్మా ఒక్కడివి కావు, ఇంటిల్లిపాదివీ అని మన లెక్క. ఫ్రెంచివాళ్ళకు ఆ లెక్క లేదు. నువ్వు అన్న తరువాత "నీ అమ్మ, నీ ఇల్లు" అనే అనాలి: "తా మేర్‌", "షే త్వా". తెలుగులో ఆలోచించి "వోత్ర్‌ మేర్‌" అని రాశామో, సగం చీటీలో చెయ్యి పట్టుకుని సగం చీటీలో దణ్ణం పెట్టినట్టు ఉంటుంది. మన "మా అమ్మ" కూడా అక్కడ "నా అమ్మ" కావాలి. కాని చిత్రం చూడండి: ఫ్రెంచిలో "నా అమ్మ" అనటానికి "మా మేర్‌" అంటారు! "మా" అన్న మాట ఎలాగూ నోటికి వచ్చేస్తుంది, అర్థం మాత్రం వేరు.

ఇక నా సంగతి. యానాంలో మా మామయ్య ఒకాయన ఉండేవాడు. ఫ్రెంచివాళ్ళ రోజుల్లో కచేరీలో గుమాస్తాగా పనిచేసినవాడు. నాకు పదమూడేళ్ళప్పుడు వేసంగి సెలవులకు అక్కడికి వెళితే, రోజూ సాయంత్రం గోదావరి గట్టున కూచోబెట్టి నాకు ఫ్రెంచి నేర్పేవాడు. ఆ ఏడే నాకు లియోన్‌ నగరంలో ఒక కలం స్నేహితుడు దొరికాడు. పన్నెండేళ్ళ కుర్రాడు. తాను సైకిలు మీదనించి ఎలా పడ్డాడో, మోకాలు ఎలా చెక్కుకుపోయిందో నాలుగు ముక్కలు రాసి, అడుగున సైకిలు బొమ్మ కూడా వేశాడు. జవాబు రాయాలని నాకు ఒకటే ఆరాటం.

మామయ్యకు వచ్చినవి కచేరీ జాబులు. ఆయన దగ్గర ఉన్న పుస్తకమూ అలాంటిదే. నేను అందులోంచి అందమైన వాక్యాలు ఏరి, గుండ్రటి అక్షరాలతో నింపాదిగా రాశాను. మొదట "మెస్యూ" అని పెట్టాను. అంటే "అయ్యా". ఒంటినిండా "వూ", "వోత్ర్‌" పెట్టాను. చివర పుస్తకంలో ఉన్న పొడుగాటి వాక్యం ఒక్క అక్షరం పోకుండా దించాను: "వెయే అగ్రెయే, మెస్యూ, లెక్స్‌ప్రెస్యోఁ దె మే సాఁతిమాఁ దిస్తేఁగే." అంటే, "అయ్యా, నా విశిష్ట మనోభావముల ప్రకటనను స్వీకరింప ప్రార్థన" అని. అది అబద్ధపు ఫ్రెంచి కాదు. ఈనాటికీ బాంకులకూ, ఆఫీసులకూ రాసే జాబుల చివర ఇలాంటి వాక్యమే రాస్తారు. కాని నేను రాసింది మోకాలు చెక్కుకుపోయిన పన్నెండేళ్ళ కుర్రాడికి!

నెలా పదిహేను రోజులు జవాబు లేదు. ఆ తరువాత ఒక కార్డు వచ్చింది. బొమ్మ లేదు, సైకిలు లేదు. మూడే మాటలు: "త్యూ ఏ ఫాషే?" దాని కింద పేరు.

"నీకు కోపం వచ్చిందా?"

మామయ్య ఆ కార్డు తీసుకుని చాలాసేపు చూశాడు. "ఒరే, పొరపాటు నాదేరా. నాకు అధికార్లకు రాయటం వచ్చు గాని స్నేహితులకు రాయటం ఎవరూ నేర్పలేదు," అన్నాడు.

ఆ రోజు మేమిద్దరం కలిసి మొదటినించి నేర్చుకున్నది మీకు ఇప్పుడు చెబుతాను. మరీ అనే అమ్మాయి మీకు ఒక బొమ్మ కార్డు పంపిందనుకోండి. లత అనే అమ్మాయి దానికి ఇలా జవాబు రాస్తుంది:

సాల్యూ మరీ!
మెర్సీ పూర్‌ తా కార్త్‌. ఎల్‌ ఏ త్రే బెల్‌.
ఇసీ, ఇల్‌ ఫే షో. ఏ షే త్వా?
ఎక్రీ మ్వా!
బిజూ,
లత

"ఏమే మరీ! నీ కార్డు అందింది, సంతోషం. అది ఎంతో అందంగా ఉన్నది. ఇక్కడ ఎండలు. మరి మీ వైపు ఎలా ఉన్నది? నాకు రాయి! ముద్దులతో, లత." అంతే. ఇందులో గొప్ప మాట ఒక్కటి కూడా లేదు. అయినా ఫ్రెంచి పిల్ల చదివితే, తన తరగతిలోని పిల్లే రాసిందనుకుంటుంది.

ఇప్పుడు ఇదే చీటీ మరీ వాళ్ళ అమ్మగారికి రాయాలి. ఆవిడే కార్డు పంపింది. అయిదు చోట్ల మార్చాలి. "సాల్యూ" అనగూడదు, పెద్దావిడను "సాల్యూ మదామ్‌" అంటే "ఒసేయ్‌ అమ్మగారూ" అన్నట్టు ఉంటుంది. "బోఁజూర్‌ మదామ్‌" అనాలి. "తా కార్త్‌" కాస్తా "వోత్ర్‌ కార్త్‌" అవుతుంది. "షే త్వా" పోయి "షే వూ" వస్తుంది. "ఎక్రీ" అన్నది "ఎక్రివే" అవుతుంది, మన "రాయి" "రాయండి" అయినట్టే. ఇక చివర "బిజూ" బదులు "మెర్సీ అఁకోర్‌" అని పెడితే బాగుంటుంది. "మరోసారి కృతజ్ఞతలు" అని. ఈ అయిదింటిలో నాలుగు మార్చి ఒకటి మరిచిపోతే చీటీ కుంటుతుంది. పిల్లలు సాధారణంగా మరిచేది "షే త్వా" దగ్గర. చీటీ రాయటం అయినాక, మిగతా తప్పుల సంగతి తరువాత, ముందు ఈ ఒక్కదానికోసం ఒకసారి చదువుకోవాలి.

చీటీ మొదలుపెట్టే మాటలలో నాకు ఇష్టమైనది "కూకూ". ఇది కోకిల జాతి పిట్ట పేరు. అది కూసే కూతనే దానికి పేరు పెట్టారు. చంటిపిల్లల ముందు మొహం దాచుకుని, చటుక్కున చేతులు తీసి మనం "బూచీ!" అంటాం గదా, ఫ్రెంచి తల్లులు "కూకూ!" అంటారు. స్నేహితులు చీటీ మొదట్లో కూడా ఇదే రాస్తారు. తలుపు సందులోంచి తొంగిచూసి పలకరించినట్టు ఉంటుంది. మరీ దగ్గరవాళ్ళకు తప్ప రాయగూడదు.

"ప్రియమైన" అనటానికి "షేర్‌" అనే మాట ఉన్నది. మగపిల్లవాడికి రాసినా, ఆడపిల్లకు రాసినా చెవికి "షేర్‌" అనే వినబడుతుంది. కాగితం మీద మాత్రం ఆడపిల్లకు ఒక అక్షరం ఎక్కువ, ఒక గీత ఎక్కువ. చెవికి తెలియని భేదం కంటికి తెలుస్తుంది. అలాగే "నేను సంతోషంగా ఉన్నాను" అని అబ్బాయి రాస్తే "కోఁతాఁ", అమ్మాయి రాస్తే "కోఁతాఁత్‌". పేరు రాయటం మరిచినా, రాసింది అబ్బాయో అమ్మాయో దొరికిపోతుంది!

చివర పెట్టే "బిజూ" అంటే చిన్న ముద్దు. ఇది చూసి తల్లిదండ్రులు కంగారుపడనక్కర్లేదు. ఫ్రాన్సులో చుట్టాలూ స్నేహితులూ కలుసుకుంటే చెంపకు చెంప ఆనించి గాలిలో ముద్దు పెట్టుకుంటారు. కొన్ని ఊళ్ళలో రెండు, కొన్ని ఊళ్ళలో మూడు, నాలుగు. మనం చేతులు జోడించటం ఎలాటిదో వాళ్ళకు అది అలాటిది. ఇద్దరు మగపిల్లలు మాత్రం ఒకరికొకరు "బిజూ" అని రాసుకోవటం తక్కువ. వాళ్ళు "ఆ బియఁతో" అంటారు. "మళ్ళీ త్వరలోనే" అని. మనవాళ్ళు గుమ్మం దాటేటప్పుడు "పోతాను" అనక "వెళ్ళొస్తాను" అంటారే, అందులో ఉన్న తీపే ఇందులోనూ ఉన్నది.

ఫ్రెంచి అక్షరాల నెత్తిమీద ఉండే గీతలను పిల్లలు నిర్లక్ష్యం చేస్తారు. "అంత చిన్న గీత లేకపోతే ఏం పోయింది?" అంటారు. ఏం పోతుందో చూడండి. ఎవరో మిమ్మల్ని భోజనానికి పిలిచారు. చేపల కూరలో ఉప్పు కాస్త ఎక్కువైంది. మీరు సరదాగా "చేప ఉప్పగా ఉన్నది" అని చీటీలో రాయబోయారు. ఉప్పగా అంటే "సాలే". దాని చివరి అక్షరం మీద గీత పెట్టటం మరిచారా, అది "సాల్‌" అవుతుంది. "చేప మురికిగా ఉన్నది" అని అర్థం! మళ్ళీ భోజనానికి పిలుస్తారేమో ఆలోచించుకోండి.

ఇంటికప్పులాంటి గుర్తు ఒకటి ఉన్నది. దాని కథ వేరు. ఎప్పుడో పలికి, తరువాత పలకటం మానేసిన "యస్‌" అక్షరానికి చాలా చోట్ల అది సమాధిరాయి. అడవిని ఫ్రెంచివాళ్ళు "ఫోరే" అంటారు, ఆసుపత్రిని "ఒపితాల్‌" అంటారు. రెంటిమీదా ఆ కప్పు ఉన్నది. కప్పు కింద "యస్‌" పెట్టి చూడండి: ఇంగ్లీషులోని "ఫారెస్టు", "హాస్పిటలు" బయటపడతాయి. మన అరసున్న కూడా ఇలాటిదే. పోయిన నిండుసున్నకు గుర్తుగా నిలబడ్డది.

చిన్న చిన్న మర్యాదలు ఇంకా ఉన్నాయి. ఇంగ్లీషువాడు "నేను" అనే మాటను ఎక్కడ వచ్చినా పెద్ద అక్షరంతో రాసుకుంటాడు. ఫ్రెంచివాడికి ఆ గొప్ప లేదు. వాక్యం మొదట్లో తప్ప చిన్న అక్షరమే. వారాలకూ నెలలకూ కూడా చిన్న అక్షరమే. ఆశ్చర్యార్థకానికీ ప్రశ్నార్థకానికీ ముందు కాస్త ఎడం వదులుతారు.

ఇంత చిన్న చీటీకి ఇంత తతంగమా అంటారేమో. చీటీ చిన్నదవటం వల్లనే తతంగం. పెద్ద ఉత్తరంలో ఒక మాట కటువుగా పడితే మరో పది మాటలు సర్దుతాయి. నాలుగు మాటల చీటీలో సర్దటానికి చోటెక్కడ?

ఫ్రెంచివాళ్ళకు ఈ పొట్టి చీటీల మోజు ఈనాటిది కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడ బొమ్మకార్డు మీద అయిదు మాటలకు మించకుండా రాస్తే తపాలా ఖర్చు తక్కువ పడేది. ఇంక జనం ఊరుకుంటారా? "పారిస్‌నించి మంచి ముద్దులు" అనటానికి ఫ్రెంచిలో నాలుగే మాటలు. ఒక మాట ఇంకా మిగిలింది!

పారిస్‌ నగరంలో దీనికన్నా చిత్రమైనది ఉండేది. 1866లో అక్కడ భూమి కింద గొట్టాలు వేసి, వాటిలో గాలితో చీటీలు పంపటం మొదలుపెట్టారు. గొట్టాలు చాలావరకు ఊరి మురుగుకాలవల సొరంగాలలోనే పోయేవి. చీటీని ఒక చిన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను గొట్టంలో దూర్చేవారు. అది గొట్టానికి సరిగ్గా పట్టేటట్టు ఉండేది. వెనకనించి యంత్రంతో గాలిని ఒత్తినా, ముందునించి గాలిని లాగేసినా డబ్బా రివ్వున పోయేది. కొబ్బరిబోండంలో గొట్టం పెట్టి పీల్చినప్పుడు నీళ్ళు పైకి వచ్చేది ఎందుకు? మీరు గొట్టంలో గాలి తీసేశారు. బయటిగాలి నీళ్ళను లోపలికి తోసింది. ఇక్కడ నీళ్ళ బదులు డబ్బా అనుకోండి. అవతలి తపాలా కచేరీలో డబ్బా తీసి, కుర్రవాడిచేత చీటీని ఇంటికి పంపేవారు. పొద్దున రాస్తే మధ్యాహ్నం లోపలే జవాబు తెప్పించుకోవచ్చు. చీటీ నీలం కాగితం మీద ఉండేది గనక దానికి "పెతీ బ్లె" అని పేరు వచ్చింది. అంటే "చిన్న నీలం". 1879లో దీన్ని ప్రజలందరికీ తెరిచారు. మనదేశంలో కాలణా పోస్టుకార్డు వచ్చింది కూడా ఆ ఏడే. గొట్టాలు నాలుగువందల కిలోమీటర్లు దాటి పెరిగాయి. టెలిఫోన్లు పెరిగాక గిరాకీ తగ్గింది. 1984లో మూసేశారు.

ఆ తరువాత సెల్‌ఫోను వచ్చింది. మొదట్లో ఒక సందేశానికి నూటఅరవై అక్షరాలే. ఫ్రెంచి పిల్లలు అక్షరాలను పొదుపు చెయ్యటంలో పొడుపుకథలవాళ్ళను మించిపోయారు. వాళ్ళు "జి" అక్షరాన్ని "జే" అని పిలుస్తారు ("జె" అక్షరాన్ని "జి" అంటారు, మనకు సరిగ్గా తలకిందులు!). "నాకు ఉన్నది" అనటానికి కూడా "జే" అనే అంటారు. కనక ఆ ఒక్క అక్షరం రాస్తే చాలు. 2ను "దె" అంటారు, 1ని "అఁ" అంటారు. మధ్యలో "యమ్‌" పెడితే "దెమఁ", అంటే "రేపు". మనం "అమ్మ పచ్చడి 100తున్నది" అని రాసి "నూరుతున్నది" అని చదువుకోమన్నట్టు. "సిల్‌ తె ప్లే"కు మూడు అక్షరాలు వేస్తారు: యస్‌, టి, పి. చూశారా, ఇంత పొదుపులోనూ "టి"నా "వి"నా అనేది మాత్రం వదలలేదు!

ఇవి చదవటం తెలిస్తే చాలు, కొత్తగా నేర్చుకునేవాళ్ళు రాయవద్దు. "డెల్ఫ్‌" అని ఫ్రెంచి పరీక్షలు ఉన్నాయి. అందులో మొదటి మెట్టుకే ఒక చిన్న చీటీ రాయమంటారు, నలభై మాటలకు తగ్గకుండా. ఎవరికి రాయాలో ప్రశ్నలోనే చెప్పేస్తారు. పిల్లలు తొందరలో ఆ ముక్క వదిలేసి చదువుతారు.

లియోన్‌ కుర్రాడి కార్డుకు నేనూ మామయ్యా కలిసి జవాబు రాశాం. "నోఁ!" అని పెద్దగా రాసి, "త్యూ"లతో రెండు వాక్యాలు రాసి, "నీ మోకాలు ఎలా ఉన్నది?" అని అడిగాం. బొమ్మ నేను వేశాను. సైకిలు వెయ్యటం నాకు రాక, రిక్షా వేశాను. పది రోజుల్లోనే దానికి నాలుగు పేజీల జవాబు వచ్చింది.

ఇప్పటికీ మేము రాసుకుంటూనే ఉన్నాం. అతనూ తాత అయినాడు. మొన్న అతను నా ఫోనుకు ఒక చీటీ పంపాడు. అందులో కె, ఓ, ఐ అనే మూడు అక్షరాలూ, వాటి పక్కన 2, 9 అంకెలూ ఉన్నాయి. ఇంకేమీ లేదు. నాకు ఎంతకూ బోధపడలేదు. మా మనవరాలు కాలేజీలో ఫ్రెంచి చదువుతున్నది. దానికి చూపిస్తే చప్పున, "క్వా దె నెఫ్‌, తాతయ్యా! నెఫ్‌ అంటే తొమ్మిదీ అవుతుంది, కొత్త అనీ అవుతుంది. కొత్త సంగతులేమిటి అని అడుగుతున్నాడు," అన్నది.

నా చేతిలోంచి ఫోను తీసుకుని, జవాబు తనే రాయటం మొదలుపెట్టింది. మొదటి మాట "సాల్యూ" అని వేసింది.

"అదేమిటే! ఆయన నీకంటే ఎంత పెద్దవాడు! బోఁజూర్‌ మెస్యూ అను," అన్నాను.

"రాస్తున్నది నువ్వు గదా తాతయ్యా, నేను కాదుగా!" అన్నది.